ప్రాణహిత రేవులో ప్రపంచ చరిత్ర

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారు ప్లాటినం జూబిలీ అనీ, మరాఠీవారు అమృత మహోత్సవమనీ పిలుచుకునే ఈ డెబ్బై అయిదేండ్ల పండుగనాడు, చరిత్ర పుస్తకం తెరచి కూర్చున్న ఒక విద్యార్థినిని తలచుకోవడం ఉచితంగా ఉంటుంది. ఆమె పుస్తకంలో అమెరికా అంతర్యుద్ధం ఉంటుంది. సూయజ్ కాలువ ఉంటుంది. వియన్నా మహాసభ ఉంటుంది. సిరొంచా మాత్రం ఉండదు. ప్రాణహిత రేవు ఉండదు. అందువల్ల, చదువుతున్నది ఎవరో దూరపు మనుషుల కథ అన్న తలంపు ఆమెకు కలగడం సహజం. పరీక్ష రాస్తుంది, సంవత్సరాలను ఒప్పజెప్పుతుంది, మరచిపోతుంది.

ఈ ప్రసంగం ఆ తలంపును సవరించడానికి చేసే చిన్న ప్రయత్నం. ప్రపంచ చరిత్రలోని ఆరు విషయాలను ఒక్కొక్కటిగా, సంగ్రహంగా పరిచయం చేయడం దీని ఉద్దేశం. ఆ ఆరింటికీ సిరొంచా పరిసరాలతో, నేటి గడ్చిరోలి జిల్లాతో సంబంధం ఉన్నది. సిరొంచా తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి ప్రవహిస్తున్నాయి. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, ఎదుటి ఒడ్డున కాళేశ్వర క్షేత్రం వెలసి ఉన్నది. ఇక్కడ ఇండ్లలో తెలుగు, కచేరీలలో మరాఠీ, అడవి పల్లెలలో గోండీ, మాడియా వినిపిస్తాయి. పటం మీద ఇది ఒక రాష్ట్రపు చివరి కొస. చరిత్రలో మాత్రం ఇది చాలాసార్లు నడి బజారు.

1. ఒక జనపదం పేరు భూగోళానికి

గోండులు నివసించే దేశానికి గోండ్వానా అని పేరు. 1872లో భారత భూగర్భ సర్వేకు చెందిన మెడ్లికాట్ అనే శాస్త్రజ్ఞుడు మధ్య భారతంలోని ఒక ప్రత్యేకమైన శిలా సముదాయానికి ఆ జనపదం పేరే పెట్టాడు. గోండ్వానా శిలలలో గ్లోసాప్టెరిస్ అనే అంతరించిపోయిన మొక్క ఆకుల ముద్రలు కనిపిస్తాయి. నాలుక ఆకారంలో ఉండే ఆ ఆకుల ముద్రలే ఆఫ్రికాలోనూ, దక్షిణ అమెరికాలోనూ దొరికాయి. నడుమ మహాసముద్రాలున్నవి. ఒకే మొక్క ఇన్ని ఒడ్లకు ఎట్లా చేరింది?

ఆస్ట్రియా భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడువార్డ్ జ్యూస్ 1885లో దీనికొక సమాధానం చెప్పాడు. ఈ ఖండాలన్నీ పూర్వం ఒకే భూభాగంగా ఉండేవనీ, నడిమి భాగాలు సముద్రంలో కుంగిపోయాయనీ ఆయన భావించాడు. ఆ పురాతన భూభాగానికి ఆయన పెట్టిన పేరు గోండ్వానా భూమి. 1912లో జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ మరొక అడుగు ముందుకు వేసి, నడిమి నేల కుంగిపోలేదనీ, ఖండాలే విడిపోయి జరిగాయనీ వాదించాడు. ఆయన మాటను పండితులు చాలాకాలం నవ్వులాటగా తీసుకున్నారు. సముద్ర గర్భాన్ని పరిశీలించిన 1960వ దశకపు పరిశోధనల తరువాతనే ఆ సిద్ధాంతం స్థిరపడింది.

ఈ సిద్ధాంతానికి సాక్ష్యం చెప్పే నేల సిరొంచాకు దూరం కాదు. ఈ తాలూకాలో ప్రాణహిత ఒడ్డునున్న కోటా గ్రామం పేరనే కోటా శిలాస్తరాలు ప్రసిద్ధమైనాయి. అక్కడి సున్నపురాతిలో దొరికిన చేపల శిలాజాలను 19వ శతాబ్ది మధ్యనాటికే ఐరోపా పండితులు పరిశీలించారు. ఆ స్తరాలలోనే కలకత్తాలోని భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు ఒక మహాకాయపు రాక్షస బల్లి ఎముకలను వెలికి తీశారు. రవీంద్రనాథ్ ఠాగూరు శతజయంతి సంవత్సరమైన 1961 నాటి తవ్వకాల స్మృతిగా, 1975లో దానికి బారాపాసారస్ ఠాగూరై అని నామకరణం చేశారు. 'బారా పా' అంటే వంగభాషలో పెద్ద కాలు. దాని అస్థిపంజరం నేడు కలకత్తాలోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలిచి ఉన్నది. సిరొంచా సమీపంలోని వడధం వద్ద శిలాజ ఉద్యానమూ ఉన్నది. పొలం దున్నుతుండగా ఈ ప్రాంతంలో వింత రాయి కనబడితే దాన్ని పారవేసే ముందు ఒకసారి బడికి తీసుకురావడం మంచిది.

2. వైరాగఢ్ వజ్రం

నేల పైపొరలో దొరికే మరొక రాయి కథ ఇది. గడ్చిరోలి జిల్లా ఉత్తర భాగంలో వైరాగఢ్ అనే పాత కోట ఉన్నది. అక్బరు ఆస్థాన పండితుడు అబుల్ ఫజల్ రచించిన ఐనె అక్బరీలో ఆ కోట దగ్గర వజ్రాల గని ఉన్నట్లు నమోదైంది. కృష్ణాతీరపు కొల్లూరు గనులు గోల్కొండ పేరుతో ప్రపంచానికి తెలిసినంతగా వైరాగఢ్ పేరు తెలియలేదు. అయినా రెండూ ఒకే వర్తకంలోని భాగాలే.

18వ శతాబ్ది తొలినాళ్ల వరకు ప్రపంచంలో వజ్రాలకు దాదాపు ఏకైక నిలయం భారతదేశం. బోర్నియో దీవిలో కొద్దిగా దొరికేవి. టావెర్నియే వంటి ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దిలో ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణం చేయడానికి ఈ రాళ్లే ముఖ్య కారణం. 1720వ దశకంలో పోర్చుగీసు వలస దేశమైన బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. అక్కడి ఏటి ఇసుకను కడగడానికి ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసలను వినియోగించారు. ఐరోపా మార్కెట్టు బ్రెజిల్ వైపు తిరిగింది. మరొక శతాబ్దిన్నర తరువాత, 1867లో దక్షిణాఫ్రికాలో వజ్రాలు కనబడ్డాయి. కింబర్లీ గనులు వెలిశాయి. బ్రెజిల్ కూడా వెనుకబడింది.

ఈ చిన్న కథలో గమనించవలసిన సూత్రం ఒకటున్నది. ఒక నేల విలువను ఆ నేలలో ఉన్న వస్తువు ఒక్కటే నిర్ణయించదు. వేల క్రోసుల దూరాన మరొక నేలలో ఏమి దొరికిందో అది కూడా నిర్ణయిస్తుంది. పత్తి కథలో ఈ సూత్రమే మళ్లీ కనిపిస్తుంది.

3. తీగ మీద వచ్చిన వార్త

1844లో శామ్యూల్ మోర్స్ అమెరికాలో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్ నగరానికి తంతివార్త పంపాడు. గుర్రం కంటే, ఓడ కంటే వేగంగా మాట ప్రయాణించడం మానవ చరిత్రలో అపూర్వమైన విషయం. పదేండ్లు గడవకముందే ఆ తీగ భారతదేశానికి వచ్చింది. ఓషానెస్సీ అనే వైద్యుని ఆధ్వర్యంలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను కలుపుతూ తంతి మార్గాలు వేశారు. తీగ వేయడానికి వచ్చిన ఉద్యోగులు ప్రాణహిత ఒడ్డున కూడా గుడారాలు వేసుకున్నారు.

1857 తిరుగుబాటు చాందా అడవులకు కొంత ఆలస్యంగా, 1858 వసంతంలో చేరింది. మొలంపల్లి జమీందారైన గోండు యువకుడు బాబురావు షెడ్మాకే జనాన్ని కూడగట్టి తిరుగుబాటు చేశాడు. 1858 ఏప్రిల్ 29 రాత్రి ప్రాణహిత తీరాన చించ్‌గుండి వద్ద తంతి ఉద్యోగుల మకాం మీద దాడి జరిగింది. గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు మరణించారు. పీటర్ అనే మూడవవాడు తప్పించుకున్నాడు. దాడి తంతివారి మీదనే ఎందుకు జరిగిందన్న ప్రశ్న విద్యార్థులు వేసుకోదగినది. అధికారం అడవిలోకి ఏ రూపంలో వస్తే జనం దాన్ని ఆ రూపంలోనే ఎదుర్కొంటారు. ఇక్కడ అది తీగ రూపంలో వచ్చింది.

ఆ ఏడు సెప్టెంబరులో అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మనుషుల ద్వారా బాబురావు పట్టుబడినాడు. 1858 అక్టోబరు 21న చాందా జైలులో ఆయనను ఉరితీశారు. ఆయన వయస్సు పాతికేండ్లు. ఝాన్సీలో ఒక లక్ష్మీబాయి తిరుగుబాటుకు నాయకత్వం వహించగా, అహేరిలో మరొక లక్ష్మీబాయి దాని అణచివేతకు తోడ్పడింది. చరిత్రలో పేర్లు ఒకటైనంత మాత్రాన దారులు ఒకటి కావు. జమీందారీని నిలుపుకోవలసిన ఇక్కట్లూ, కంపెనీ సైన్యం పట్ల భయమూ, పాత వైరాలూ అన్నీ కలిసి మనుషులను చెరొక వైపు నిలబెడతాయి.

అదే సంవత్సరంలో, అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి తంతి తీగ వేయడం పూర్తయింది. 1858 ఆగస్టు 16న విక్టోరియా రాణి, అమెరికా అధ్యక్షుడు బుకానన్ ఆ తీగ మీద సందేశాలు ఇచ్చిపుచ్చుకున్నారు. కొద్ది వారాలకే ఆ తీగ పాడైపోయింది. అది పనిచేసిన కొద్ది రోజులలో వెళ్లిన ముఖ్యమైన రాజకీయ వార్త ఏమిటి? భారతదేశపు తిరుగుబాటు కోసం కెనడా నుంచి బయలుదేరవలసిన రెండు పటాలాలు ఇక కదలనవసరం లేదన్న ఉత్తరువు. ఇట్లా, చించ్‌గుండిలో తీగవాండ్లు మరణించిన నాలుగు నెలలకు, తిరుగుబాటు అణగారుతున్నదన్న సంగతి మరొక తీగ మీద మహాసముద్రం దాటింది. పుస్తకంలో ఈ రెండూ వేరు వేరు పాఠాలు. కాలపట్టికలో పక్కపక్కనే ఉన్న సంఘటనలు.

4. సుంకం లేని నది

ఒక నది రెండు రాజ్యాల నడుమ ప్రవహిస్తే ఆ నీటి మీద పెత్తనం ఎవరిది? ఐరోపాను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. రైన్ నది ఒడ్డున ప్రతి చిన్న సంస్థానాధీశుడూ తన కోట కింద పడవను ఆపి సుంకం వసూలు చేసేవాడు. నెపోలియన్ పతనానంతరం 1815లో సమావేశమైన వియన్నా మహాసభ, ఆ నదిలో స్వేచ్ఛగా పడవలు నడిచేందుకు ఒక ఉమ్మడి సంఘాన్ని ఏర్పాటు చేసింది. నేటికీ పనిచేస్తున్న అంతర్జాతీయ సంస్థలలో అదే అన్నింటికంటె పాతది. క్రిమియా యుద్ధాన్ని ముగించిన 1856 నాటి పారిస్ సంధి డాన్యూబ్ నదికి కూడా అటువంటి సంఘాన్ని ఇచ్చింది.

గోదావరికీ ఇట్టి ఘట్టం ఒకటున్నది. 1860 సంధిలో ఆంగ్ల ప్రభుత్వం ధారాశివ, రాయచూరు ప్రాంతాలను నిజాం ప్రభువుకు తిరిగి ఇచ్చింది, షోరాపూరును అప్పగించింది, యాభై లక్షల రూపాయల బాకీని రద్దు చేసింది. ప్రతిగా గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను తీసుకున్నది. గోదావరి మీద సరకు రవాణాకు సుంకం ఉండరాదని కూడా అందులో ఒప్పందమైంది. ఎడమ ఒడ్డు తాలూకాలు ఆరు: సిరొంచా, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి. ఇవన్నీ కలిపి ఎగువ గోదావరి జిల్లా అన్నారు. దానికి ముఖ్యపట్టణం సిరొంచా. నేడు తాలూకా కేంద్రంగా ఉన్న ఊరు ఆ రోజులలో భద్రాచలం దాకా విస్తరించిన జిల్లాకు కచేరీ. ఆ కాలపు డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్ పేరు గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరి పేరులో ఇప్పటికీ వినిపిస్తుంది.

వియన్నాలోనూ, పారిస్‌లోనూ నది ఒడ్డు రాజ్యాలన్నింటికీ పాలులో చోటు దొరికింది. గోదావరి సంధిలో ఇద్దరు ప్రభువులకే చోటు దొరికింది. ఒడ్డు మీద బతికే పడవవాండ్లను, చేపలు పట్టేవారిని, సంతకు సరుకు మోసేవారిని అడిగినవారు లేరు. ఈ తేడా చిన్నది కాదు.

5. పత్తి, యుద్ధం, కాలువ

1860లో ఈ నది ఆంగ్లేయులకు అంత అవసరమెందుకైంది? సమాధానం పత్తిలో ఉన్నది. వార్ధా లోయలోని హింగన్‌ఘాట్ పత్తికి మంచి పేరు. దాన్ని సముద్రానికి చేర్చే దారి కావాలి. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, నీటి మార్గమే అన్నిటికంటె చౌక అని గట్టిగా నమ్మినవాడు. వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా కోస్తా దాకా పడవలు నడపవచ్చునని ఆయన ప్రతిపాదన. దానికి మూడు చోట్ల రాతి అడ్డంకులు ఎదురైనాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద. రెండవది ఇంద్రావతి సంగమానికి దిగువన ఇచ్చంపల్లి వద్ద. మూడవది సిరొంచాకు ఎగువన ప్రాణహితలో దేవలమర్రి వద్ద. హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో ఆనకట్టలు, లాకులు, పక్క కాలువలు నిర్మించే పని సాగింది.

ఇంతలో అమెరికాలో యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దక్షిణ రాష్ట్రాలు విడిపోగా, 1861 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ వాటి ఓడరేవులను దిగ్బంధం చేయించాడు. అంతవరకు ఇంగ్లండు మిల్లులకు చేరే పత్తిలో నాలుగింట మూడు వంతుల దాకా అక్కడి బానిసలు పండించినదే. పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. లక్షలాది కార్మికులు పస్తులున్నారు. అయినప్పటికీ మాంచెస్టర్ కార్మికులు 1862 డిసెంబరు 31న సభ జరిపి, బానిసత్వ నిర్మూలనను సమర్థిస్తూ లింకన్‌కు లేఖ రాశారు. 1863 జనవరిలో లింకన్ వారికి కృతజ్ఞతతో ప్రత్యుత్తరమిచ్చాడు. తమ కడుపు కాలుతున్నా పరుల స్వేచ్ఛను కోరిన మనుషులుగా వారిని చరిత్ర గుర్తుంచుకున్నది.

మిల్లు యజమానుల చూపు మాత్రం భారతదేశపు పత్తి మీద పడింది. ధర ఆకాశాన్నంటింది. బొంబాయిలో కాసుల వర్షం కురిసింది. 1861లో ఏర్పడిన మధ్య పరగణాలకు చీఫ్ కమిషనరైన రిచర్డ్ టెంపుల్ గోదావరి పడవ మార్గానికి గట్టి మద్దతునిచ్చాడు. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది. బొంబాయిలో కంపెనీలు కూలిపోయాయి. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరుకు చేరింది. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరచుకున్నది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టివచ్చే దారి తప్పిపోవడంతో ఐరోపాకు బొంబాయి మరింత దగ్గరైంది. తూర్పు తీరానికి ఆ లాభం అంతగా దక్కలేదు. నాగపూరు పత్తి తూర్పు దారి వదలి పడమటి దారి పట్టింది. 1871లో గోదావరి పడవ మార్గం పనులను నిలిపివేశారు.

ఒక్క దశాబ్దంలో ఇంత జరిగింది. ఈజిప్టులో తవ్విన కాలువ, అమెరికాలో కాలిన తుపాకి, బొంబాయిలో వేసిన పట్టా అన్నీ కలిసి ప్రాణహిత పడవ భవిష్యత్తును నిర్ణయించాయి. ముఖ్యపట్టణంగా వెలిగిన సిరొంచా అడవి అంచు ఊరుగా మిగిలింది. ధర పెరిగిన రోజులలో అప్పు చేసి పత్తి వేసిన దక్కను రైతు, ధర పడిన తరువాత వడ్డీ వ్యాపారికి చిక్కినాడు. 1875లో పూనా, అహమదునగరం జిల్లాలలో రైతులు అప్పు పత్రాలను తగులబెట్టడానికి వెనుక ఉన్న కారణాలలో ఇదొకటి.

నది మీద పెద్ద ఆశలు పెట్టుకోవడం 1871తో ముగియలేదు. 2016 ఆగస్టులో మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ప్రాణహిత సంగమానికి దిగువన, ఒక చివర తెలంగాణలోనూ మరొక చివర సిరొంచా తాలూకాలోనూ ఉండేటట్లుగా మేడిగడ్డ ఆనకట్ట నిర్మాణమైంది. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కొన్ని కుంగిపోయాయి. దీనిపై తీర్పు చెప్పడం ఈ సభ పని కాదు. కాని ఒక నది మీద ఏదైనా కట్టే ముందు రెండు ఒడ్ల రైతుల మాటా వినవలసిన అవసరం 1860లో ఎంత ఉన్నదో నేడూ అంతే ఉన్నదని చరిత్ర విద్యార్థి గ్రహించగలడు.

6. సరిహద్దు, భాష, బడి

చివరి విషయం ఈ పాఠశాల ఉనికికి సంబంధించినది. పడవ మార్గం ఆగిన మూడేండ్లకు, 1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలో కలిశాయి. మిగిలినవి చాందా జిల్లాలో చేరాయి. 1909లో నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా మద్రాసుకు వెళ్లాయి. సిరొంచా ఒక్కటే చాందాలో మిగిలింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి మారింది. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. 2014లో ఎదుటి ఒడ్డు తెలంగాణ అయింది. 1860 నాటి ఆరు తాలూకాలూ నేడు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి: సిరొంచా మహారాష్ట్రలో, నూగూరు, చెర్ల, భద్రాచలం ప్రాంతాలు తెలంగాణలో, రేకపల్లి ఆంధ్రప్రదేశ్‌లో. ఊరు కదలలేదు; గీత కదిలింది.

ఇది ఈ ప్రాంతానికే వచ్చిన అనుభవం కాదు. ఫ్రాన్సు, జర్మనీల నడుమనున్న అల్సాస్ ప్రాంతం 1871లో జర్మనీకి, మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఫ్రాన్సుకు, 1940లో తిరిగి జర్మనీకి, 1945 నాటికి మళ్లీ ఫ్రాన్సుకు దక్కింది. సుమారు 75 ఏండ్లలో నాలుగు మార్పులు. ఈ పాఠశాల వయస్సంత కాలంలో అక్కడి ఒక అవ్వ ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది. ప్రతిసారీ బడిలో భాష మారింది. పిల్లలు ఇంటి మాటను బడి గడప దగ్గర విడిచి లోపలికి వెళ్లవలసి వచ్చింది.

దీనికి భిన్నమైన దారి డెన్మార్కు, జర్మనీల నడుమ ష్లెస్విగ్‌లో కనిపిస్తుంది. 1864 యుద్ధంలో డెన్మార్కు ఆ ప్రాంతాన్ని కోల్పోయింది. 1920లో ప్రజాభిప్రాయం సేకరించగా ఉత్తర భాగం డెన్మార్కును, దక్షిణ భాగం జర్మనీని ఎన్నుకున్నాయి. గీత ఎంత జాగ్రత్తగా గీసినా అటువైపు కొందరు, ఇటువైపు కొందరు మిగిలిపోయారు. 1955లో రెండు ప్రభుత్వాలూ వేరువేరుగా ప్రకటనలు చేసి, తమ దేశంలో ఉన్న ఎదుటి భాషవారికి హక్కులను హామీ ఇచ్చాయి. నేడు జర్మనీలో డేనిష్ బడులు, డెన్మార్కులో జర్మన్ బడులు నడుస్తున్నాయి. ఆ బడులలో చదివిన పిల్లలు రెండు భాషలూ నేర్చి, రెండు దేశాలలోనూ పనికి వస్తున్నారు. ఒకప్పుడు యుద్ధానికి కారణమైన సరిహద్దు నేడు రాకపోకలకు ఆధారమైంది.

భారత రాజ్యాంగం కూడా ఈ విషయంలో వెనుకబడలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకునే హక్కును 30వ అధికరణం ఇచ్చింది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించవలసిందని రాష్ట్రాలను నిర్దేశించింది. అయితే రాజ్యాంగం హక్కును మాత్రమే ఇవ్వగలదు. బెంచీ మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టలేదు. ఆ పని తల్లిదండ్రులది.

తెలుగు చదివితే ఏమి లాభం అని అడిగే తండ్రిని కసరుకోవడం తగదు. ఆయన ప్రశ్న న్యాయమైనది. నౌకరీ మరాఠీలో ఉన్నది. పెద్ద చదువు ఇంగ్లీషులో ఉన్నది. ఆయన జేబులో ఉన్నది కూలి డబ్బు. ఆయనకు చెప్పవలసిన సమాధానం ఒకటే. తెలుగు చదివిన పిల్ల మరాఠీ నేర్వకూడదని ఎవరూ అనలేదు. ఇంగ్లీషు మానవలసిన అవసరమూ లేదు. ఇంటి భాషలో ఒక సంగతిని స్పష్టంగా అర్థం చేసుకున్న పిల్ల, దాన్ని మరొక భాషలో చెప్పడం సులభంగా నేర్చుకుంటుంది. అర్థం కాకుండా బట్టీపట్టిన పిల్లకు ఏ భాషలోనూ చెప్పడానికి ఏమీ ఉండదు. ఈ న్యాయం తెలుగుకు ఎంత వర్తిస్తుందో అడవి పల్లెల గోండీకి, మాడియాకు కూడా అంతే వర్తిస్తుంది. తన భాషకు బడి కోరేవారు పొరుగువారి భాషకూ బడి కోరాలి. లేకుంటే ఆ కోరికకు బలం లేదు.

విద్యార్థులారా,

పై ఆరు కథలలోనూ ఒక పోలిక ఉన్నది. భూమి పేరు, వజ్రం ధర, తంతి తీగ, నది సుంకం, పత్తి దారి, రాష్ట్రపు గీత వీటిని నిర్ణయించినవారు దూరాన ఉన్నారు. ఫలితం అనుభవించినవారు ఇక్కడ ఉన్నారు. నిర్ణయించినవారి కాగితాలు లండనులో, హైదరాబాదులో, నాగపూరులో భద్రంగా ఉన్నాయి. అనుభవించినవారి మాట తాతల నోటనే ఉండి, వారితోనే పోతున్నది. దానికి మందు ఈ పాఠశాలలోనే ఉన్నది. ప్రతి తరగతి ఏటా కొందరు వృద్ధుల దగ్గరకు వెళ్లి, రేవు గురించి, పాత బాటల గురించి, వరదల గురించి, బడి తొలినాళ్ల గురించి అడిగి, వారి మాటలలోనే తేదీతో సహా రాసిపెడితే, మరో పాతికేండ్లకు ఈ బడి శతాబ్ది ఉత్సవం జరిగేనాటికి ఒక గ్రంథం సిద్ధమై ఉంటుంది. దానికి పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, ఓపికగా వినే చెవి చాలు.

అప్పుడు చరిత్ర పుస్తకం తెరచిన విద్యార్థిని సూయజ్ కాలువ పాఠం దగ్గర ఆగి, ఈ కాలువ తెరచుకున్న తరువాతనే తన ఊరి రేవు మూగబోయిందని పక్కనున్న స్నేహితురాలికి చెప్పగలుగుతుంది. తెలుగులో చెబుతుంది, మరునాడు మరాఠీలోనూ చెబుతుంది. ఆ ఒక్క మాట ఆమె నోట వచ్చిననాడు, డెబ్బై అయిదేండ్ల క్రితం ఈ బడికి మొదటి గంట కొట్టినవారి శ్రమ సఫలమైనట్లే.

సెలవు.